తెర మీది సవతి

ఎనభయ్యో ఏట కుల్సుం అక్క మొగుడి మీద అలిగింది. పొద్దున్నే టీ గ్లాసు ఆయన చేతికి ఇవ్వకుండా కిటికీ గట్టు మీద పెట్టి, "టీ ఉంది" అని గోడకు చెప్పి లోపలికి పోతోంది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఉర్దూ. పోట్లాట మాత్రం ఎప్పుడూ తెలుగులోనే, సందుకంతా అర్థమయ్యేలా. ఈసారి పోట్లాట కూడా లేదు. అదే అందర్నీ భయపెట్టింది.

ఏం జరిగిందని వాళ్ళ కోడలిని అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకేముంది టీచరమ్మా. కమలవేణి."

కమలవేణి చనిపోయి నలభై ఏళ్ళవుతోంది.

మాచర్లలో మా సందులో కమలవేణి పేరు వినని ఇల్లు లేదు. తెలుగు సినిమాకు మాటలొచ్చిన తొలి రోజుల్లో వేషాలు వేసినామె. ఆమె బొమ్మ ఒక్కటైనా చూసినవాళ్ళు మాత్రం ఇప్పుడు మా సందులో ఇద్దరే మిగిలారు: కుల్సుం అక్క, ఆమె భర్త మౌలాలీ. మిగతా అందరికీ ఆ కథలన్నీ చెప్పింది కుల్సుం అక్కే. అభిమానంతో కాదు, కడుపుమంటతో. పొగడాలంటే నాలుగు మాటలు తెలిస్తే సరిపోతుంది. కుళ్ళుకోవాలంటే అన్నీ తెలియాలి.

కుల్సుం అక్కది గురజాల. తండ్రి గిన్నెలకు కళాయి పోసేవాడు. పదహారేళ్ళకు మౌలాలీకిచ్చి పెళ్ళి చేశారు. ఆయన టూరింగ్ టాకీసులో ఆపరేటరు. ఊరి చివర డేరా వేసి, ఇంజను పెట్టి, కొన్నాళ్ళు బొమ్మలాడించి, మళ్ళీ అన్నీ బండ్లకెత్తి ఇంకో ఊరు పోయే కంపెనీ అది. పెళ్ళినాటికి డేరా కారెంపూడిలో ఉంది. కొత్త పెళ్ళికూతురిని తీసుకుపోయి నేల టిక్కెట్టులో ఆడవాళ్ళ వైపు, తన మిషను కేబిన్‌కు దగ్గరగా కూర్చోబెట్టి, మౌలాలీ చెప్పిన మొదటి ముచ్చట ఇది:

"నాలుగో రీలులో ఒకామె వస్తది. పాట అందుకునే ముందు చిన్నగా గొంతు సవరించుకుంటది, ఇను. ఆ కాలంలో ఎవురి పాట వాళ్ళే పాడుకోవాల. మైకును చెట్టు కొమ్మల్లో దాచేవాళ్ళంట. ఆ సవరింపు కూడా బొమ్మలోకి ఎక్కింది. ఎంత బాగుంటదో!"

ఈ మాట చెప్పినప్పుడల్లా కుల్సుం అక్క కళ్ళు ఇప్పటికీ చిన్నవవుతాయి.

"పెళ్ళై వారం తిరగలేదు టీచరమ్మా. నా గొంతు ఎట్టుంటదో ఆయనకింకా తెలవదు. దాని దగ్గు గురించి చెప్తన్నాడు నాకు!"

నాలుగో రీలు వచ్చింది. తెర మీద పద్దెనిమిదేళ్ళ పిల్ల బావి గట్టున నిలబడి, "ఖ్హం" అని, పాట అందుకుంది. జనం వన్స్ మోర్ అని ఈలలు వేశారు. ఆ రోజుల్లో నాటకంలో పద్యం బాగుంటే మళ్ళీ పాడించుకునేవాళ్ళు. ఆ అలవాటు డేరాలోకీ వచ్చింది. మౌలాలీ మిషను ఆపి, రీలు వెనక్కి చుట్టి, మళ్ళీ వేశాడు. ఇంకెవరి పాటకైనా జనం గొంతు చించుకోవాలి. కమలవేణి పాటకు ఒక్కడు ఈల వేసినా చాలు, ఆయన చెయ్యి రీలు మీదే ఉండేది. చీకట్లో కుల్సుం అక్క విసుగ్గా "ప్చ్" అని నాలుకతో చప్పరించి మొహం తిప్పుకుంది. ఆ చప్పరింపు ఆ రోజు మొదలైంది.

ఆ తర్వాత ఆమెకు ఒకటే పని. కమలవేణిలో వంకలు వెతకడం. బొమ్మ రీళ్ళ పెట్టెతో పాటు గుంటూరు నుంచి మస్తాన్‌రావు అని కంపెనీ మనిషి వచ్చేవాడు. మద్రాసు కబుర్లన్నీ అతని దగ్గర ఉండేవి. కుల్సుం అక్క అతనికి జొన్నరొట్టె, గోంగూర పెట్టి ఒక్కొక్క కబురూ రాబట్టేది. రాత్రి అన్నం దగ్గర మొగుడికి వడ్డించేది.

"నీ కమలవేణి చేత కంపెనీవాళ్ళు కాయితం రాయించుకున్నారంట, బొమ్మలు అయిందాకా పెళ్ళి చేసుకోకూడదని. అది సరేనందంట. ఎవుతైనా అంటదా అట్టా?"

"పాపం" అనేవాడు మౌలాలీ.

"పాపమేందయ్యా! ఆ కంపెనీ ఓనరే ఉంచుకున్నాడంట. మళ్ళా వదిలేశాడంట."

"అయ్యో."

"తర్వాత పాటలు ఇంకొకామె చేత పాడించారంట. దీని గొంతు పాతబడిందన్నారంట. ఉత్తినే పెదాలు కదిలించమంటే ఏడ్చి ఇంటికి పోయిందంట."

మౌలాలీ ముద్ద కంచంలో వదిలేశాడు. ఆ పూట ఇక తినలేదు.

బాధలు చెబితే జాలిపడి ఇంకా దగ్గరవుతున్నాడని గ్రహించి, కుల్సుం అక్క దారి మార్చింది. మద్రాసులో మేడ కట్టిందంట, కారు కొన్నదంట అని చెప్పడం మొదలుపెట్టింది. మౌలాలీ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. "ఎటు తోసినా దాని వైపే పడతాడు టీచరమ్మా, ఈ మనిషి!"

నాగార్జునసాగర్ డ్యాం పని ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో డేరా విజయపురి సౌత్‌లో వేశారు. కూలీలు, మేస్త్రీలు, ఇంజనీర్ల ఆఫీసుల వాళ్ళు, రోజూ తిరునాళ్ళే. ఒక వారం కమలవేణి పాత బొమ్మ తెప్పించారు. మౌలాలీయే ఓనరును బతిమాలి తెప్పించాడు. అదే వారం కాలనీలో కాంట్రాక్టు నాటకం పెట్టారు. వేషాలకు ఊరికొకరిని మాట్లాడి తెచ్చే నాటకం. నాటకం రోజు వాన కొట్టి పందిరి కూలింది. రెండు రోజులు వాయిదా వేశారు. మర్నాడు పొద్దున కుల్సుం అక్క కుళాయి దగ్గర బిందె పెట్టిందో లేదో, ఒకామె అంది:

"ఏమే కుల్సుం, మీ కమలవేణి వచ్చిందంట. తల్లి వేషమంట. ఓవర్సీరు గారింట్లో దింపారు."

మౌలాలీ డేరా వెనక రేకుల షెడ్డులో నిద్రపోతున్నాడు. రాత్రి రెండాటలు వేసిన ఆపరేటరు పగలు లేవడు. ఆయన లేచి ఈ కబురు వినేలోపు ఏదో ఒకటి చెయ్యాలి. ఏం చెయ్యాలో తెలియదు. ఆయన కళ్ళు ఆమె మీద పడకూడదు, అంతే. తెర మీద బొమ్మతోనే ఇంత వేగాల్సి వస్తోంది. మనిషే ఎదురుగా నిలబడితే?

బిందె అక్కడే వదిలి బురఖా వేసుకుని ఓవర్సీరు ఇంటికి పోయింది.

వసారాలో ఒకామె మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. పాపిట దగ్గర తెల్ల వెంట్రుకలు, కళ్ళ కింద ఉబ్బు. గేటు బయట నిలబడ్డ ఆడవాళ్ళు ఆమెకు వినపడేలానే అనుకుంటున్నారు.

"ఈమేనంటావా?"

"కాదులే, వాళ్ళక్కేమో."

కుల్సుం అక్కకు పండగయింది. ఆ మాట ఇంకోసారి అంటారేమోనని కాసేపు అక్కడే నిలబడింది కూడా. ఆడవాళ్ళు వెళ్ళిపోయాక లోపలికి పోయి అరుగు మీద కూర్చుంది.

"ఎవరమ్మాయివే నువ్వు?" అంది కమలవేణి. గొంతు మాత్రం మారలేదు. అదే గొంతు.

"ఈడనేనమ్మా. డేరా కాడ ఉంటాం."

"డేరాలో ఏం బొమ్మ ఆడుతోంది?"

అబద్ధం చెబుదామనుకుంది. నోరు తిరగలేదు. "మీదేనమ్మా."

కమలవేణి నూనె చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఆ బొమ్మా! అది నేను ఒక్కసారే చూశాను. మద్రాసులో, కంపెనీ వాళ్ళ పక్కన కూర్చుని. నా తప్పులన్నీ పైకి చెప్పుకుంటూ చూశారు వాళ్ళు. నేను తల ఎత్తితే ఒట్టు. జనంలో కూర్చుని ఎప్పుడూ చూడలేదు. ఇంకా వన్స్ మోర్ అంటున్నారా?"

"అంటన్నారు."

"అయితే సాయంత్రం వస్తాను. మీ ఓనరుకు కబురు పెడితే కుర్చీ వేయిస్తాడుగా."

కుల్సుం అక్కకు మొత్తం కళ్ళకు కట్టింది. కుర్చీ, పూలదండ, ఓనరు కేబిన్ వైపు తిరిగి 'ఒరేయ్ మౌలాలీ, ఎవరొచ్చారో చూడరా' అనడం.

"వద్దమ్మా" అంది. "ఇందాక ఇక్కడ నలుగురే అన్నారు, ఈమేనా అని. రాత్రికి అక్కడ డేరా డేరా అంటది."

కమలవేణి పమిట చెంగుతో చేతి నూనె తుడుచుకుంది, చాలాసేపు.

"మా అత్త బురఖా ఒకటి ఉంది" అంది కుల్సుం అక్క. "అదేసుకుంటే మీరెవురో ఎవురికీ తెలవదు. నా పక్కన కూర్చుందురు గాని. నేల టిక్కెట్టు."

ఇది నాతో చెప్పినప్పుడు కుల్సుం అక్క వేలు చూపించి మరీ అంది: "దయతో ఇచ్చాననుకునేవు టీచరమ్మా. అడ్డం కోసం ఇచ్చా."

మొదటాటకు ఇద్దరూ ఎప్పటి చోటే, కేబిన్ దగ్గర ఇసుకలో చాప వేసుకుని కూర్చున్నారు. రెండు నల్ల బురఖాలు. నాలుగో రీలు వచ్చింది. బావి గట్టు, ఆ పిల్ల, "ఖ్హం" అని సవరింపు. కుల్సుం అక్క అలవాటుగా చప్పరించింది. పక్కనుంచి కూడా అలాంటి చప్పరింపే వినిపించింది.

"ఆ రోజు జొరం నాకు" అంది కమలవేణి గుసగుసగా. "తెల్లారగట్ల నుంచి పాడుతున్నాను. హార్మోనియం ఆయన్ని బావి వెనక దాచారు. కాకి అరిస్తే మళ్ళీ మొదటికి. ఆఖరికి నేను గొంతు సవరించుకున్నది కూడా పడింది. ఇంకోసారి పాడతానని కాళ్ళు పట్టుకున్నాను. ఫిల్ము దండగ అన్నారు."

జనం వన్స్ మోర్ అన్నారు. పాట మళ్ళీ మొదలైంది.

"దాన్ని చూస్తే ఒళ్ళు మండుతుందే అమ్మాయీ" అంది కమలవేణి.

"ఎవుర్నమ్మా?"

"అదుగో, దాన్నే. నా ఇల్లూ, నేను కోరుకున్న మనిషీ, నా గొంతూ, అన్నీ అదే తినేసింది. తినేసి పద్దెనిమిదేళ్ళప్పుడే ఆగిపోయి కులుకుతోంది చూడు. నేను ఏ ఊరు పోయినా జనం నాలో దాన్ని వెతుక్కుని, దొరక్క తిట్టుకుని పోతారు."

కుల్సుం అక్క అన్నేళ్ళుగా ఆ పిల్ల మీద తనొక్కతే ఏడుస్తోందనుకుంది. ఇంకొకరు కూడా ఉన్నారు, అదీ ఆ పిల్లే. ఆ క్షణాన ఆమె చెయ్యి పట్టుకోబుద్ధయింది. పట్టుకోలేదు. "ఎంతైనా ఆమె ఆమే గదా" అంది నాతో.

ఇంటర్వెల్లో మౌలాలీ రెండు గోళీసోడాలు పట్టుకుని వచ్చాడు. ఎప్పుడూ ఒకటి తెచ్చేవాడు. భార్య పక్కన ఎవరో ఉన్నారని కేబిన్ కంతలోంచి చూసినట్టున్నాడు.

సోడాలు కొట్టి ఇచ్చి, "ఎవురు?" అన్నాడు.

"మా పిన్నమ్మ. చిలకలూరిపేట నుంచి వచ్చింది" అంది కుల్సుం అక్క.

పిన్నమ్మ బురఖా కింది నుంచి తాగింది. గ్యాసు ఎక్కి చిన్నగా దగ్గింది. మౌలాలీ ఒక నిమిషం నిలబడ్డాడు. ఖాళీ సోడాలు తీసుకుని వెళ్ళిపోయాడు. కుల్సుం అక్క గెలిచింది.

ఇంటర్వెల్ తర్వాత లైట్లు తీశారు. తెర మీద మళ్ళీ బావి గట్టు వచ్చింది. మళ్ళీ అదే పాట. మౌలాలీ పొరపాటున పాత రీలే ఎక్కించాడు. జనం ఈలలు. ఓనరు కేబిన్ కిందకు పరుగెత్తుకొచ్చి, "ఒరేయ్ మౌలాలీ, తాగావా ఏందిరా!" అని అరుపులు. పాట అయిందాకా రీలు ఆగలేదు. కమలవేణి ఈసారి దాన్ని తిట్టలేదు. చీకట్లో కుల్సుం అక్క మోకాలి మీద తాళం వేస్తూ కూర్చుంది.

మర్నాడు నాటకం మొదలయ్యే వేళకు మౌలాలీ డేరాలో ఉన్నాడు. నాటకం అవగానే కమలవేణి తెల్లవారుజాము బస్సెక్కింది. ఆమె వచ్చిపోయిన కబురు ఆయనకు తర్వాత ఎవరో చెప్పారు. "అట్నా" అన్నాడట, అంతే.

సాగర్‌లో మౌలాలీ రీలు తప్పు పెట్టిన సంగతి పల్నాడు డేరాల్లో సామెత అయిపోయింది. జీవితంలో ఆయన చేసిన తప్పు అదొక్కటే అని తోటి ఆపరేటర్లు పరాచికాలాడేవాళ్ళు. తర్వాత డేరాలు పోయాయి. ఆయన మాచర్లలో మోటార్ల వైండింగు షాపు పెట్టాడు. ఇప్పుడది కొడుకు అన్సార్ చూసుకుంటున్నాడు. మేం పక్కింటికి వచ్చింది ఆ షాపు కొత్తల్లోనే.

ఆ బురఖా కథ మాత్రం కుల్సుం అక్క నాకు ఒక్కదానికే చెప్పింది. అది ఆమె దాచుకున్న నగ. మౌలాలీ ఎప్పుడైనా, "ఇన్నేళ్ళు బొమ్మలేశా గాని ఒక్క ఆర్టిస్టును కళ్ళతో చూళ్ళా" అని నిట్టూర్చాడా, ఆ పూట ఆయన కంచంలో మాంసం ముక్కలు ఎక్కువ పడేవి. ఒకటే చిక్కు. ప్రతి రంజానుకూ ఆయన మరిచిపోకుండా అడిగేవాడు: "మీ చిలకలూరిపేట పిన్నమ్మ బాగుందా?" లేని పిన్నమ్మకు ఆమె ఏటేటా ఆరోగ్యం కల్పించేది. మోకాళ్ళ నొప్పులంట, తగ్గినయ్యంట అని.

కమలవేణి పోయిన వార్త పేపర్లో లోపలి పేజీలో నాలుగు వరుసలు వచ్చింది. నేనే చదివి వినిపించాను. మౌలాలీ ఆ రోజు అన్నం ముట్టలేదు. కుల్సుం అక్కా ముట్టలేదు. నేను ఆశ్చర్యపోతే నన్ను పక్కకు లాగి, "ఆయనొక్కడే పస్తుంటే అది ఆయన మనిషైపోదూ? అందుకని నేనూ ఉంటన్నా" అంది.

అలాంటి ఇంట్లో పోయిన వారం మనవరాలు అఫ్రీన్ ఫోను పట్టుకుని తాత ముందు కూర్చుంది. కాలేజీలో పాత టూరింగ్ టాకీసుల మీద ఏదో ప్రాజెక్టట. జరిగిందంతా తర్వాత అఫ్రీనే నాకు చెప్పింది. కుల్సుం అక్క గడప దగ్గర వెల్లుల్లి ఒలుస్తోంది.

"దాదా, మీరెప్పుడైనా హీరోయిన్‌ని చూశారా?"

"చూళ్ళేదమ్మా."

కుల్సుం అక్క వెల్లుల్లి రెబ్బల్లోకి చూస్తూ నవ్వుకుంది.

"సోడా ఇచ్చా, అంతే" అన్నాడు మౌలాలీ.

నవ్వు ఆగింది.

"ఎవరికి దాదా?"

"కమలవేణమ్మకు. సాగర్లో. బురఖా ఏసుకుని నేల టిక్కెట్టులో కూర్చుంది."

"మొహం చూశారా?"

"మొహం దాచుకోను వచ్చింది ఆమె. మనం చూడకూడదు. సోడా తాగి గొంతు సవరించుకుంది. వెయ్యిసార్లు ఇన్నా ఆ చప్పుడు, తెలవదా?"

"మరి ఏం చేశారు?"

"ఏం చేస్తా? జనంలో కూర్చుని ఇందామని వచ్చినట్టుంది. పోయి మళ్ళా ఆ రీలే ఏశా. ఓనరు కొట్టబోయాడు."

వెల్లుల్లి చేట పక్కకు జరిగింది. కుల్సుం అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. టీ గ్లాసు కిటికీ గట్టు ఎక్కింది ఆ సాయంత్రం నుంచే.

నాలుగు రోజులు చూసి నేనే వెళ్ళాను. కుల్సుం అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. మౌలాలీ లోపల కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు.

"తెలిసీ నన్ను ఏటేటా అడిగాడు చూడు, పిన్నమ్మ బాగుందా అని!" అంది. "ఆమె ఒంట్లో ఎట్టుందో నా నోటితో చెప్పించుకున్నాడు. నేను పిచ్చిదాన్లాగా మోకాళ్ళ నొప్పులని చెప్పా. ఆమె పోయిన కాడ్నించి ఒక్కసారైనా అడిగాడా? అడగలేదు. అదీ నాకు తట్టలేదు."

"ఎప్పుడో జరిగింది అక్కా."

"ఎప్పుడో జరిగితే? నాకు మొన్న జరిగింది." గొంతు తగ్గించింది. "అది కూడా పోనీ. నాలుగు రోజుల్నించి నాకు నిద్ర పట్టంది వేరే. రెండు సోడాలు తెచ్చాడు. మొదటిది కొట్టి ఎవురి చేతికిచ్చాడు? నాకా, ఆమెకా? ఎంత గింజుకున్నా గుర్తు రావట్లా. ముందు ఆమె తాగింది, అది గుర్తుంది. అంటే..."

"నీకే ఇచ్చా" అన్నాడు మౌలాలీ కిటికీలోంచి.

ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"నీ చేతికే ఇచ్చా ముందు. నువ్వే 'మీరు తాగండి' అని ఆమెకు అందించావు. రెండోది నువ్వు తాగావు."

కుల్సుం అక్క అరచెయ్యి తిప్పి చూసుకుంది. గోడ వైపు కాదు, కిటికీ వైపే తిరిగింది.

"అబద్ధం. రెండూ నల్ల బురఖాలే. లైటు గుడ్డిది. అప్పటికింకా ఆమె దగ్గలేదు. ఏది నేనో నీకెట్టా తెలుసు?"

"ఎట్టా తెలుసేందే? పాటొచ్చినప్పుడల్లా నువ్వు చప్పరిస్తావు. పెళ్ళైన కాడ్నించి కేబిన్‌లోకి ఇనపడతానే ఉంది. ఆ రోజు రెండు చప్పరింపులు ఇనపడినయ్. నీది ఏదో నాకు తెలవదా?"

ఒక ఈగ వచ్చి కిటికీ గట్టు మీది టీ గ్లాసు అంచున వాలితే కుల్సుం అక్క చేత్తో తోలింది.

"మూడోసారి పాట ఆమె కోసమే ఏశావుగా?" అంది.

"ఆమె కోసమే."

"అట్టా ఒప్పుకో" అని, నాలుకతో చప్పరించి, గట్టు మీది గ్లాసు అందుకుంది. "చల్లారింది. వేడి చేసుకొస్తా ఉండు" అని ఆయనతోనే చెప్పి లోపలికి నడిచింది.